భయానికి రంగు పూసినవాళ్లు

ఎఫ్. డబ్ల్యూ. ముర్నావ్ 1922లో తీసిన 'నోస్ఫెరాతు' చూసిన చాలామందికి ఒక సందేహం వస్తుంది. ఎండ తగిలితే మాడి మాయమైపోయే పిశాచం, గోడల మీద వెలుతురు తెల్లగా మెరుస్తుంటే, తన శవపేటికను మోసుకుంటూ ఊరి వీధుల్లో పట్టపగలు ఎలా తిరుగుతోంది? ముర్నావ్ అంత మోటుగా పొరబడే దర్శకుడు కాడు. లోపమంతా మనకు దొరికిన ప్రింటులో ఉంది. రాత్రి చీకట్లో బొమ్మ పట్టే శక్తి ఆనాటి ఫిల్ముకు లేదు. అందుకని రాత్రి దృశ్యాలను పగలే తీసి, ప్రింటు వేశాక ఆ ముక్కలను నీలిరంగు ద్రావణంలో ముంచేవారు. తెర నీలంగా మారితే రాత్రి అయినట్టు, లేత పసుపు అయితే ఇంట్లో దీపం వెలుగుతున్నట్టు, గులాబీ అయితే తెల్లవారుతున్నట్టు ఆనాటి ప్రేక్షకుడికి చెప్పకుండానే తెలిసేది. తర్వాతి కాలంలో ఆ సినిమాకు రంగు లేని నకళ్లు వేసి ప్రపంచమంతా తిప్పారు. నీలం పోయింది, దానితోపాటు రాత్రీ పోయింది.

పాత హారర్ సినిమా అంటే నలుపు తెలుపు అనీ, రంగు తర్వాతెప్పుడో వచ్చి ఆ నీడల అందాన్ని చెడగొట్టిందనీ సినిమా ప్రేమికుల్లో గట్టి నమ్మకం ఉంది. పుస్తకాలూ చాలావరకు అదే చెబుతాయి. ఆ చరిత్రను మొదటినుంచి చూసుకుంటూ వస్తే నాకు వేరే చిత్రం కనబడుతుంది. భయం పుట్టించే సినిమా తన మొదటి పదేళ్లలోనే రంగును వెతుక్కుంది. ప్రకృతిని ఉన్నదున్నట్టు చూపించాలని మిగతా సినిమా రంగు కోసం తపిస్తే, హారర్ మాత్రం ప్రకృతిలో లేనిదాన్ని చూపడానికి రంగును వాడుకుంది. మన జ్ఞాపకంలో ఆ సినిమాలు బూడిదరంగులో మిగిలిపోవడానికి కారణం అసలు ప్రింట్లు పోవడం, చవకగా నలుపు తెలుపు నకళ్లు వేయడం, వాటిని టెలివిజన్‌లో చూడడం. ఈ మూడింటినీ పక్కన పెడితే ఆ కాలపు దర్శకులు, కెమెరామన్లు, రసాయన శాస్త్రజ్ఞులు చేసిన పని ఎంత సాహసమో తెలుస్తుంది.

మొదటి రంగులు చేత్తో పూసినవే. ఫ్రాన్స్‌లో జార్జ్ మెలియే 1896లోనే దయ్యాలకోట మీద ఒక చిన్న చిత్రం తీశాడు. చాలామంది దానినే తొలి హారర్ చిత్రమంటారు. మెలియే సినిమాలకు రంగులద్దే పని పారిస్‌లో ఎలిజబెత్ త్యూయియే నడిపిన కార్యశాలలో జరిగేది. అక్కడ రెండువందలకు పైగా స్త్రీలు, ఒక్కొక్కరు ఒక్కో రంగు చొప్పున, ఒక్కో ఫ్రేము మీద సన్నని కుంచెతో రంగు వేసేవారు. తెర మీద నిమిషం కూడా నిలవని మంట కోసం వందల ఫ్రేముల్లో ఎర్రరంగు చుక్కలు పెట్టాలి. వాళ్లలో ఎవరి పేరూ తెర మీద పడలేదు. కొద్దికాలానికి పాతే సంస్థ స్టెన్సిల్ పద్ధతి తెచ్చింది: రంగు పడాల్సిన చోటును ఫిల్ములో కత్తిరించి, ఆ కంతలోంచి రంగు అద్దడం. ఆ పద్ధతిలో సెగుందో ద షొమోన్ 1907లో 'ఎర్ర భూతం' అనే పేరున్న చిత్రం చేశాడు. అస్థిపంజరం వేషంలో ఉన్న మాంత్రికుడు, చుట్టూ గుహ, మంటలు. ఇప్పటికీ చూడదగ్గ పని అది. రంగు బొమ్మ గీతల్ని దాటి కొద్దిగా వణుకుతుంటుంది. లోకంలో ఏ వస్తువూ అలా వణకదు, అందుకే ఆ దృశ్యం ఒళ్లు జలదరింపజేస్తుంది.

మూకీల కాలంలో అధికశాతం సినిమాలకు ఏదో ఒక మేరకు రంగు ముంచేవారు. ఎడిసన్ సంస్థ 1910లో తీసిన తొలి 'ఫ్రాంకెన్‌స్టైన్' మిగిలిన ఒకే ఒక్క ప్రింటులోనూ ఆ రంగులున్నాయి. జర్మనీవారి 'డాక్టర్ కలిగారి' (1920) గురించి అందరూ వంకర గోడలు, పూసిన నీడలు అని మాట్లాడతారు. ఆ వంకర గోడలు కూడా మొదట రంగుల్లోనే తెర మీదికి వచ్చాయి. 2014లో ఆ చిత్రాన్ని పునరుద్ధరించినప్పుడు, బెర్లిన్‌లో దాచిన కెమెరా నెగటివ్‌కు రంగులు ఏవో తెలుసుకోవడానికి లాటిన్ అమెరికాలో మిగిలిన పాత ప్రింట్లను ఆధారంగా తీసుకున్నారు. 'నోస్ఫెరాతు' నీలాన్ని తిరిగి తేవడానికి ఫ్రాన్స్‌లో మిగిలిన 1922 నాటి రంగు ప్రింటు దారి చూపింది.

ఈ రంగులను చంపింది శబ్దం. టాకీ వచ్చాక ఫిల్ము అంచున శబ్దం కూడా ముద్రించేవారు. దాన్ని చదివే కాంతికి రంగు అడ్డుపడింది. శబ్దం చెడకుండా రంగు ముంచిన ముడి ఫిల్మును కొడాక్ 1929లో తెచ్చినా, అది పాత అలవాటును నిలబెట్టలేకపోయింది. 1931లో యూనివర్సల్ సంస్థ 'డ్రాకులా', 'ఫ్రాంకెన్‌స్టైన్' విడుదల చేసే నాటికి తెర బూడిదరంగుకు స్థిరపడింది. హారర్‌కు కంచుకోటలని మనం చెప్పుకునే ఆ రెండు చిత్రాలు పుట్టింది రంగు వెనక్కి తగ్గిన ఆ కొద్ది విరామంలో.

ఇక కెమెరాలోనే రంగు పట్టడం సంగతి. హెర్బర్ట్ కాల్మస్, డేనియల్ కామ్‌స్టాక్, బర్టన్ వెస్కాట్ 1915లో టెక్నికలర్ సంస్థ పెట్టారు. తొలి ప్రయత్నం ప్రత్యేక ప్రొజెక్టర్ కావాల్సి రావడంతో బెడిసికొట్టింది. రెండో పద్ధతిలో కటకం వెనక కాంతిని రెండుగా చీల్చి, ఒక పాయను ఎర్ర ఫిల్టరు గుండా, ఇంకొక పాయను ఆకుపచ్చ ఫిల్టరు గుండా ఒకే నెగటివ్ మీద రెండు బొమ్మలుగా పట్టేవారు. వాటి నుంచి సగం మందం గల రెండు ఫిల్ములు వేసి, ఒకదానికి నారింజ ఎరుపు, మరొకదానికి నీలి ఆకుపచ్చ పట్టించి, వీపు వీపు కలిపి అంటించేవారు. ప్రొజెక్టరు వేడికి ఆ జంట ఫిల్ము దోనెలా వంగేది, తెర మీద బొమ్మ మసకబారేది. ఆ మొండి సాంకేతికతతోనే హారర్ తన మొదటి మహాదృశ్యాన్ని సాధించింది.

1925 నాటి 'ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా'లో ఫాంటమ్‌గా నటించిన లాన్ చానీ ముసుగును లాగేసే దృశ్యాన్ని అందరూ తలుచుకుంటారు. నాకు అంతకంటే గొప్పగా తోచేది ముసుగుల నాట్యోత్సవం. అంతదాకా సినిమా ఒక రంగు ముంచిన నలుపు తెలుపులో సాగుతుంది. ఉన్నట్టుండి ఒపేరా మెట్లమీద జనం రంగుల్లో ప్రత్యక్షమవుతారు. ఆ గుంపు మధ్యలోంచి, ఎడ్గార్ అలన్ పో కథలోని ఎర్ర మృత్యువు వేషంలో, పుర్రె ముఖం, నేల మీద జీరాడే రక్తవర్ణపు అంగీతో ఫాంటమ్ దిగి వస్తాడు. ఆ దృశ్యంలో అందరి బట్టలూ ఎంతో కొంత ఎర్రగానో ఆకుపచ్చగానో ఉన్నాయి, ఎందుకంటే ఆ పద్ధతికి వేరే రంగులు తెలియవు. కానీ చానీ ఎరుపు మిగతా ఎరుపులన్నిటినీ మింగేస్తుంది. పేదరికం, యుద్ధం, ఇన్‌ఫ్లుయెంజా మరణాలు ఇంకా మరిచిపోని ప్రేక్షకుల ముందుకు మహమ్మారి మనిషి రూపంలో, రంగుతో సహా, మెట్లు దిగి రావడం ఎలా అనిపించి ఉంటుందో ఊహించవచ్చు.

వెనువెంటనే వచ్చే డాబా మీది దృశ్యంలో ఇంకో పద్ధతి వాడారు. రాత్రి ఆకాశం కింద అపోలో విగ్రహం ఎక్కి, కింద ప్రేమికుల మాటలు వింటున్న ఫాంటమ్ అంగీ ఒక్కటే ఎర్రగా ఎగురుతుంటుంది, చుట్టూ ఉన్న లోకానికి ఆ ఎరుపు లేదు. దానికి హాండ్‌షీగల్ పద్ధతి అని పేరు. అచ్చుయంత్రాల వాళ్ల కౌశలాన్ని ఫిల్ముకు తెచ్చి, అవసరమైన చోట మాత్రమే రంగు దిగేలా చేశారు. ఆనాటి ప్రింట్లలోని ఆ అద్దకం ఇప్పుడు మనకు లేదు. ఇవాళ మనం చూస్తున్న అంగీ ఎరుపు 1990ల పునరుద్ధరణలో కంప్యూటరు మీద తిరిగి వేసింది. ఆ చిత్రంలో ఇంకొన్ని టెక్నికలర్ దృశ్యాలు ఉండేవి. మనకు మిగిలింది నాట్యోత్సవం ఒక్కటే.

1928లో టెక్నికలర్ మూడో పద్ధతికి వెళ్లింది. ఇకపై అంటించడం లేదు, అద్దడమే. బందరు కలంకారీలో ఒక్కో రంగుకు ఒక్కో చెక్క అచ్చు పెట్టి గుడ్డ మీద గురి తప్పకుండా అద్దినట్టే, ఒక్కో రంగుకు జిలాటిన్ ఉబ్బెత్తు ఉన్న ఫిల్మును రంగులో నానబెట్టి, ఖాళీ ఫిల్ము మీద నొక్కి ఆ రంగును దించేవారు. బొమ్మ మసకబారడం పోయింది. అంతకంటే ముఖ్యం, ఆ అద్దకపు రంగులు దశాబ్దాలు గడిచినా వెలవవు. 1929, 30లలో హాలీవుడ్ సంగీత చిత్రాలు ఈ రంగు మీద ఎగబడ్డాయి. పని ఒత్తిడిలో నాసిరకం ప్రింట్లు బయటికొచ్చాయి. ఆర్థికమాంద్యం కమ్ముకుంది. పాటల సినిమాల మీద, వాటితోపాటు రంగు మీద జనానికి మొహం మొత్తింది. 1931 వచ్చేసరికి స్టూడియోలు రంగును దాదాపు వదిలేశాయి.

హారర్ చరిత్రలో రెండు అపురూపమైన చిత్రాలు పుట్టింది సరిగ్గా ఆ వెలితిలోనే. టెక్నికలర్‌తో వార్నర్ సంస్థకు తీర్చాల్సిన ఒప్పందం ఇంకా మిగిలి ఉంది. అప్పుడు జనం ఎగబడుతున్నవి హారర్ చిత్రాలు. ఆ రెంటినీ ముడివేసి, హంగేరీ నుంచి వచ్చిన దర్శకుడు మైకేల్ కర్టిజ్ చేతికి 'డాక్టర్ ఎక్స్' (1932) ఇచ్చారు. తర్వాత పదేళ్లకు 'కాసాబ్లాంకా' తీసింది ఈయనే. కెమెరా టెక్నికలర్ సంస్థ మనిషి రే రెన్నహాన్‌ది, కళాదర్శకత్వం ఆంటన్ గ్రోట్‌ది. లయనెల్ ఆట్‌విల్, ఫే రే ప్రధాన పాత్రలు. వెన్నెల రాత్రుల్లో హత్యలు చేసి శవాలను తినే హంతకుడు ఎవరన్నది కథ. ఒక శాస్త్రవేత్త కృత్రిమ మాంసాన్ని కనిపెట్టి, ముద్దలు ముద్దలుగా తన మొహానికి పులుముకుంటాడు. ఆ ముద్ద రంగు చర్మానిదీ కాదు, మట్టిదీ కాదు. ఆ దృశ్యాన్ని రంగులో చూస్తే కడుపులో దేవినట్టుంటుంది. నలుపు తెలుపులో అదే దృశ్యం మామూలు మేకప్పులా కనబడుతుంది.

ఇక్కడ ఆగి ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. రెండు రంగుల టెక్నికలర్‌ను సాధారణంగా అసంపూర్ణ పద్ధతి అని తీసిపారేస్తారు. దానిలో అసలు నీలం రాదు, స్వచ్ఛమైన పసుపు రాదు, ఊదా రాదు. ఆకాశం, పసుపు పువ్వులు, చిలకలు, పట్టుబట్టలు చూపాలనుకునే సంగీత చిత్రానికి అది నిజంగానే శాపం. హారర్‌కు మాత్రం వరమైంది. వెన్నెల నీలంగా ఉండాల్సిన చోట పాచిలాంటి ఆకుపచ్చ పడుతుంది. మనుషుల ముఖాలు రోగం నుంచి లేచినట్టు గులాబీగానో, కాస్త దీపం తగ్గితే శవంలాగానో ఉంటాయి. ప్రయోగశాల గాజు గొట్టాల్లోని ద్రవం, విద్యుత్తు మెరుపులు, గోడల నీడలు అన్నీ ఒకే విషపు ఛాయలో తేలుతుంటాయి. ఆ లోకంలో ఆరోగ్యవంతమైన రంగు ఒక్కటీ లేదు. గ్రోట్, రెన్నహాన్ ఆ కొరతను కప్పిపుచ్చాలని చూడలేదు. సెట్ల రంగు, దీపాల రంగు కావాలనే ఆ కొరతకు తగ్గట్టు పెట్టారు. పూర్తి రంగు వచ్చాక కూడా చాలాకాలం ఏ హారర్ చిత్రమూ వాళ్లు సాధించిన ఆ ఊపిరాడనితనాన్ని అందుకోలేదని నా అభిప్రాయం.

'డాక్టర్ ఎక్స్' విజయం చూసి అదే బృందం తీసిన 'మిస్టరీ ఆఫ్ ది వాక్స్ మ్యూజియం' (1933) కథాపరంగా ఇంకా పదునైనది. లండన్‌లో మైనపు బొమ్మల ప్రదర్శనశాల. భాగస్వామి బీమా డబ్బు కోసం నిప్పుపెడతాడు. శిల్పి కళ్లముందే ఆయన చెక్కిన రాణులు, వీరులు కరిగి కారిపోతారు. బుగ్గలు జారి, గాజు కళ్లు ఊడి, గులాబీ మైనం గౌనుల మీద పడుతుంది. మనిషి చర్మం రంగును తెర మీద తేవడమే టెక్నికలర్ సంస్థ అప్పట్లో గర్వంగా చెప్పుకునే విద్య. కర్టిజ్ ఆ విద్యను మైనపు ముఖాల మీద ప్రయోగించి, కరిగించి చూపాడు. తర్వాత న్యూయార్క్‌లో శిల్పి కొత్త ప్రదర్శనశాల తెరుస్తాడు. అందులోని బొమ్మలు మైనం పూసిన శవాలు. ఫే రే భయంతో అతని ముఖం మీద కొట్టినప్పుడు ఆ ముఖం పెచ్చులుగా పగిలి, లోపలి కాలిన మాంసం బయటపడుతుంది. ఆ చిత్రం తీయడంలో కథను మించిన అవస్థ ఒకటుంది: టెక్నికలర్‌కు కావాల్సిన దీపాల వేడికి నిజం మైనపు బొమ్మలు నిలవలేదు, చాలాచోట్ల నటులే కన్నార్పకుండా బొమ్మల్లా నిలబడ్డారు. బొమ్మల్లో ప్రాణం ఉన్నట్టు అనిపించేది అందుకే.

పెద్ద స్టూడియోలు రెండు రంగుల టెక్నికలర్‌లో తీసిన చివరి చిత్రాల్లో అదొకటి. తర్వాత రెండూ మాయమైపోయాయి. 'డాక్టర్ ఎక్స్'కు చిన్న ఊళ్ల కోసం, విదేశాల కోసం వేరుగా నలుపు తెలుపు రూపం కూడా తీశారు. తర్వాతి తరాలు చూసింది దాన్నే. 'వాక్స్ మ్యూజియం' పూర్తిగా పోయిందనుకున్నారు. అదే కథను వార్నర్ 1953లో 'హౌస్ ఆఫ్ వాక్స్'గా త్రీడీలో తిరిగి తీసి విన్సెంట్ ప్రైస్‌ను హారర్ నటుడిగా నిలబెట్టింది కాబట్టి పాతదాని కోసం వెతుకులాట ఇంకా పెరిగింది. చివరికి స్టూడియో అధిపతి జాక్ వార్నర్ సొంత భాండాగారంలో 1960ల చివర్లో రంగు ప్రింటు దొరికింది. 1978లో ఆయన మరణించాక ఆ సొత్తులోనే 'డాక్టర్ ఎక్స్' రంగు ప్రింటు కూడా బయటపడింది. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ అభిలేఖాలయం, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి ఆ రెంటినీ గత కొన్నేళ్లలో పునరుద్ధరించాయి. 2010లో 'మాయాబజార్'ను రంగుల్లోకి మార్చి విడుదల చేసినప్పుడు మన ప్రేక్షకులు చూసింది, నలుపు తెలుపులో ఆలోచించి తీసిన చిత్రానికి తర్వాత కంప్యూటరు మీద వేసిన రంగు. ఈ రెండు చిత్రాలది దానికి తలకిందుల కథ. రంగులో ఆలోచించి రంగులో తీసిన చిత్రాలను లోకం నలభై ఏళ్లు బూడిదరంగులో గుర్తుపెట్టుకుంది.

నలుపు తెలుపు హారర్‌లో కూడా రంగు దాగి పనిచేసిన సందర్భాలున్నాయి. 1931 నాటి 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్'లో ఫ్రెడ్రిక్ మార్చ్ ముఖం కెమెరా ముందే, కోత లేకుండా, మనిషి నుంచి పశువుగా మారుతుంది. అదెలా చేశారో దర్శకుడు రూబెన్ మమూలియన్ చాలా ఏళ్లు బయటపెట్టలేదు. మార్చ్ ముఖం మీద గీతలు, నీడలు ముందే ఎర్ర రంగుతో దిద్ది ఉంచారు. కటకం ముందు ఎర్ర ఫిల్టరు ఉన్నంతసేపు ఆ గీతలు చర్మంలో కలిసిపోయి కనబడవు. ఫిల్టరును మెల్లగా ఆకుపచ్చ వైపు జరిపితే అవే గీతలు నల్లగా పైకి తేలతాయి. ఈ యుక్తి కెమెరామన్ కార్ల్ స్ట్రస్‌ది. 'బెన్ హర్'లో (1925) కుష్ఠు నయమయ్యే దృశ్యానికి ఆయన దీన్ని తిరగేసి వాడాడు. సెట్ మీద ఉన్నవాళ్లు ఆ పరివర్తనను ఎర్రగా చూశారు, ప్రేక్షకుడు నల్లగా చూశాడు. ఇదే మమూలియన్ 1935లో మూడు రంగుల టెక్నికలర్‌తో మొదటి పూర్తినిడివి చిత్రం 'బెకీ షార్ప్' తీశాడు. రంగు గురించిన ఆలోచన ఆయనకు హారర్ సెట్ మీదే మొదలై ఉంటుందని నేననుకుంటాను.

'ఫ్రాంకెన్‌స్టైన్'లో బోరిస్ కార్లాఫ్ ధరించిన రాక్షసుడి ముఖం కూడా సెట్ మీద రంగుదే. మేకప్ కళాకారుడు జాక్ పియర్స్ ఆ ముఖానికి ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు పూసేవాడు, నలుపు తెలుపు ఫిల్ము మీద అది చచ్చినవాడి పాలిపోయిన తెలుపుగా పడుతుందని. 'సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' (1939) సమయంలో సరదాగా కొడాక్రోమ్ మీద తీసుకున్న ఒక చిన్న ఫిల్ములో కార్లాఫ్ పచ్చటి ముఖంతో నాలుక బయటపెడుతూ కనబడతాడు. ప్రపంచమంతా పిల్లల ముసుగుల మీద, పోస్టర్ల మీద ఆ రాక్షసుడు ఆకుపచ్చగానే ఉంటాడు. ఆనాటి ఏ యూనివర్సల్ చిత్రంలోనూ మాత్రం ఆ ఆకుపచ్చ కనిపించదు.

1932లో డిస్నీ కార్టూన్‌తో మొదలైన మూడు రంగుల టెక్నికలర్ నీలాన్ని తెచ్చింది, పసుపును తెచ్చింది. హారర్‌కు మాత్రం కలిసిరాలేదు. కెమెరాను సంస్థ దగ్గరే అద్దెకు తీసుకోవాలి. దానితోపాటు కెమెరామన్, రంగుల సలహాదారు వస్తారు. ఆ సలహాదారుల పెద్ద నాటలీ కాల్మస్ పేరు ఒప్పందం ప్రకారం చిత్రం పేర్లలో పడాల్సిందే. రంగు హుందాగా ఉండాలి, కథను మించకూడదు, కంటికి హాయినివ్వాలి అన్నది ఆమె సిద్ధాంతం. కంటికి హాయినివ్వడం హారర్ పని కాదు. పైగా ఆ కెమెరాకు కావాల్సినంత వెలుతురు పోస్తే నీడలు మిగలవు. 1943లో యూనివర్సల్ 'ఫాంటమ్'ను మళ్లీ తీసింది. 1925 నాటి ఒపేరా సెట్‌నే వాడింది. ఫాంటమ్‌గా క్లాడ్ రేన్స్ ఉన్నాడు. రంగుల ఛాయాగ్రహణానికి, కళాదర్శకత్వానికి ఆస్కార్లు వచ్చాయి. చూడముచ్చటైన సినిమా, భయం మాత్రం లేదు. చానీ మెట్లు దిగిన ఎరుపులో పదోవంతు కూడా దానిలో కనబడదు. 'డాక్టర్ సైక్లాప్స్' (1940) ఒక్కటి కొంత నయం. రేడియం వెలుగులో ప్రొఫెసర్ గుండు ఆకుపచ్చగా మెరిసే తొలి దృశ్యాలు ఆ కెమెరాతోనూ కీడు తలపెట్టవచ్చని చూపిస్తాయి.

ఆ దశకంలో నన్ను ఎక్కువ కదిలించిన రంగు ఒక నలుపు తెలుపు చిత్రంలో ఉంది. ఆల్బర్ట్ లూవిన్ 1945లో తీసిన 'ది పిక్చర్ ఆఫ్ డోరియన్ గ్రే'లో కథానాయకుడు ముసలివాడు కాడు, పాపాలన్నీ అతని చిత్రపటం మీద పేరుకుంటాయి. సినిమా మొత్తం నలుపు తెలుపు. పటం చూపే కొద్ది క్షణాలు మాత్రం టెక్నికలర్. చిత్రకారుడు ఐవన్ ఆల్‌బ్రైట్ వేసిన ఆ కుళ్లిన పటం, పుళ్లు, చీము, పురుగు పట్టిన బట్టలతో, ఒక్కసారిగా తెర నిండా రంగుల్లో విరుచుకుపడుతుంది. ఆ పటం ఇప్పుడు షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. కెమెరామన్ హ్యారీ స్ట్రాడ్లింగ్‌కు ఈ చిత్రానికి నలుపు తెలుపు ఛాయాగ్రహణంలో ఆస్కార్ వచ్చింది. విలియం కాసిల్ 1959లో 'ది టింగ్లర్'లో ఈ ఆలోచననే మోటుగా, అంతే బలంగా వాడాడు. స్నానాలగదిని నలుపు, తెలుపు, బూడిదరంగులతో వేయించి, నటి ముఖానికీ బూడిదరంగు పూయించి, ఆ భాగాన్ని రంగు ఫిల్ము మీద తీశాడు. కొళాయిలోంచి వచ్చే రక్తం ఒక్కటే ఎర్రగా ఉంటుంది.

రంగు హారర్‌కు తలుపులు బార్లా తెరిచింది కొడాక్ 1950లో తెచ్చిన ఈస్ట్‌మన్‌కలర్. మూడు రంగులూ ఒకే నెగటివ్‌లో ఉంటాయి, మామూలు కెమెరా చాలు, సలహాదారులు అక్కర్లేదు. థేమ్స్ ఒడ్డున బ్రే అనే చోట ఒక పాత భవంతిలో చవక సినిమాలు తీసుకునే హామర్ సంస్థ దాన్ని అందిపుచ్చుకుంది. 'ది కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' 1957 మేలో లండన్‌లో విడుదలైంది. ఖర్చు సుమారు 65,000 పౌండ్లు. పియర్స్ మేకప్‌ను అనుకరిస్తే యూనివర్సల్ కోర్టుకెక్కుతుందని, మేకప్ కళాకారుడు ఫిల్ లీకీ, రాక్షసుడిగా నటించిన క్రిస్టఫర్ లీ ముఖానికి కుట్లు, చీలికలు, ఉడికిన చర్మం ఉన్న వేరే రూపం తయారుచేశాడు. తుపాకీ గుండు తగిలిన కంటి మీద లీ చెయ్యి పెట్టుకుంటే వేళ్ల సందుల్లోంచి నిగనిగలాడే ఎరుపు కారుతుంది. ఆ క్షణం నుంచి బ్రిటిష్ సినిమా మారిపోయిందంటే అతిశయోక్తి కాదు.

హామర్ రంగు ఘనత చాలావరకు కెమెరామన్ జాక్ ఆషర్‌ది. ఆయన దీపాలు ఎక్కడినుంచి వస్తున్నాయో కథలో కారణం ఉండదు. నేలమాళిగ గోడమీద ఊదా, మెట్ల పక్కన ఆకుపచ్చ, కిటికీ అవతల కాషాయం ఉంటాయి. కళాదర్శకుడు బెర్నార్డ్ రాబిన్‌సన్ ఒకే సెట్‌ను తిప్పి తిప్పి వాడుతుంటే, ఆషర్ రంగు కాంతితో దాన్ని ప్రతిసారీ కొత్త చోటు చేసేవాడు. 1958 నాటి 'డ్రాకులా'లో దర్శకుడు టెరెన్స్ ఫిషర్ ఎరుపును చాలాసేపు దాచుకుంటాడు. పేర్లు పడుతున్నప్పుడు శవపేటిక మీద చిందిన రక్తం తర్వాత, చాలా దృశ్యాలు గోధుమ, బూడిద, నీలాల్లో నడుస్తాయి. గ్రంథాలయం తలుపు తెరుచుకుని, నెత్తురోడే పెదాలతో, ఎర్రబడిన కళ్లతో లీ నిలబడినప్పుడు ప్రేక్షకుడి కన్ను ఆ రంగు కోసం ఆకలితో ఉంటుంది. ఆషర్ నిదానంగా పనిచేస్తాడని కొన్నేళ్లకు సంస్థ ఆయన్ని తప్పించింది. తర్వాతి హామర్ చిత్రాలు ఆ నష్టాన్ని ఎప్పటికీ పూడ్చుకోలేకపోయాయి.

లండన్ విమర్శకులు అప్పట్లో అసహ్యించుకున్నారు, సెన్సార్ కత్తెరలు ఝళిపించింది. నలుపు తెలుపులో రక్తం మచ్చ మాత్రమే, రంగులో అది నెత్తురు. వాళ్ల భయం అర్థం లేనిది కాదు. అదే 1957 శరత్తులో అమెరికాలో ఇంకొకటి జరిగింది. యూనివర్సల్ పాత హారర్ చిత్రాలు 52 ఒక మూటగా టెలివిజన్ కేంద్రాలకు అమ్ముడుపోయాయి. ఇంటింటా నలుపు తెలుపు డబ్బాలో డ్రాకులా, రాక్షసుడు మళ్లీ బతికారు. థియేటర్లో హారర్ ఎర్రబడుతున్న ఏడాదే, ఒక తరం మొత్తానికి హారర్ అంటే బూడిదరంగు అన్న జ్ఞాపకం ఇంట్లో స్థిరపడింది. సినిమా చరిత్రలు తర్వాత రాసింది ఎక్కువగా ఆ పిల్లలే.

నలుపు తెలుపు పక్షాన గట్టి వాదన లేకపోలేదు. వాల్ లూటన్ నిర్మించిన 'క్యాట్ పీపుల్' (1942) చూపించని చిరుతపులితో భయపెడుతుంది. ఆ నీడ రంగులో అంత నల్లగా పడదు. రంగు చిత్రాలు తీసి తీసి ఉన్న హిచ్‌కాక్ కూడా 1960లో 'సైకో'కు రంగు వద్దనుకున్నాడు, చాక్లెట్ పాకాన్ని రక్తంగా వాడాడు. ఇవి గొప్ప చిత్రాలు, వాటి దారి వేరు. అదే ఏడాది రోజర్ కోర్మన్ 'హౌస్ ఆఫ్ అషర్', మైకేల్ పావెల్ 'పీపింగ్ టామ్' రంగుల్లో వచ్చాయి. జపాన్‌లో నొబువో నకగావా 'జిగోకు'లో నరకాన్ని రంగుల్లో కళ్లకు కట్టాడు. 1964లో కోర్మన్ పో కథ 'మాస్క్ ఆఫ్ ది రెడ్ డెత్'ను నికొలస్ రోగ్ కెమెరాతో ఒక్కో గది ఒక్కో రంగుగా తీశాడు. ఇటలీలో మారియో బావా 'బ్లడ్ అండ్ బ్లాక్ లేస్'లో హత్య జరిగే ప్రతి గదినీ రంగు దీపాల తోటగా మార్చాడు. 1957 నాటి 'ఇ వాంపిరి'కి పనిచేసినప్పుడు, నటి క్షణాల్లో ముసలిదయ్యే దృశ్యాన్ని స్ట్రస్ ఫిల్టరు యుక్తితోనే సాధించింది కూడా ఈయనే.

ఈస్ట్‌మన్‌కలర్‌కు ఒక మూల్యం ఉంది. పాత అద్దకపు రంగుల్లా అది నిలవదు. నీలాలు, పచ్చలు ముందు ఎగిరిపోయి ప్రింటు గులాబీ అయిపోతుంది. టెక్నికలర్ అద్దకం యంత్రాలు 1970లలో ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. డారియో అర్జెంటో 'సస్పిరియా' (1977) కోసం కెమెరామన్ లుచానో తొవోలి రోమ్‌లో ఇంకా నడుస్తున్న యంత్రం మీద ప్రింట్లు వేయించాడు. ఆ చిత్రంలోని ఎరుపులు అంత చిక్కగా ఉండడానికి కారణం అదే. హామర్ 'డ్రాకులా'ను ఈమధ్య పునరుద్ధరించినప్పుడు, టోక్యో అభిలేఖాలయంలో దొరికిన జపాన్ ప్రింటు రీళ్ల నుంచి సెన్సార్ కోసేసిన క్షణాలు తిరిగి కలిశాయి. అయితే బొమ్మ మొత్తం నీలం వైపు ఒరిగిందని పాత ప్రింట్లు చూసినవాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆషర్ ఇప్పుడు లేడు. నెగటివ్ తన రంగేమిటో తాను చెప్పలేదు. తగాదా తీరాలంటే 1958లో థియేటర్ల కోసం వేసిన టెక్నికలర్ ప్రింటును పక్కన పెట్టి పోల్చాల్సిందే. వెలవని ఆ పాత ప్రింట్లు ఎక్కడున్నా వెతికి తెచ్చి భద్రపరచడం ఇప్పుడు అభిలేఖాలయాలు చేయాల్సిన మొదటి పని.